రెండో గొడుగు

నిమిషానికి తొంభై నాలుగు పదాలు.
నా చేతిలో స్టాప్‌వాచీ, దాని నోట్లో పాఠం.
గుంటూరు, ఏటుకూరు రోడ్డు, మున్సిపల్ బడి,
ఐదో తరగతి కెజియా.
ఒత్తులు పోవు, దీర్ఘాలు జారవు,
'క్ష' దగ్గరా 'జ్ఞ' దగ్గరా నాలుక తడబడదు.
కుళాయి విప్పినట్టు చదువుతుంది.

కట్టేశాక అడిగాను:
"ముసలాయన స్టేషనుకి ఎందుకొచ్చేవాడు?"
"ముసలాయన రోజూ సాయంత్రం స్టేషనుకి వచ్చేవాడు టీచర్."
"అదే, ఎందుకు?"
"రోజూ సాయంత్రం, టీచర్."

ప్రశ్నలోంచే నాలుగు మాటలు ఏరి
జవాబులా పేర్చి ఇవ్వడం
మేమే నేర్పాం దానికి.
చార్టులో ఆకుపచ్చ చుక్క పెట్టాను.
పెట్టిన వేలు ఎందుకో చీరకి తుడుచుకున్నాను.

ఫిబ్రవరి. ఊరంతా ఒకటే తుమ్ము.
యూనిఫాం డబ్బుల కాగితం మీద
వాళ్ళమ్మ వేలిముద్ర కావాలని
కోల్డు స్టోరేజీ వెనక రేకుల షెడ్డుకి వెళ్ళాను.
ఎర్రటి గుట్టల మధ్య
మొహాలకి పైటలు చుట్టుకుని పాతికమంది,
మిరపకాయల ముచ్చికలు తీస్తున్నారు.
ఖాళీ టిక్కీ మీద కూచుని కెజియా,
అదే పాఠం, అదే వేగం.

"ఆగెహె," అంది రూతమ్మ, చేతులాపకుండానే.
"ఎక్స్‌ప్రెస్సులా పోతన్నావ్. మేం ఎక్కొద్దూ?
ఆయన చేతిలో ఎన్ని గొడుగులన్నావ్?"
"రెండు."
"ఇప్పుడో?"
"ఒకటి."
"మరి రెండోదేవైందే?"

కెజియా కిందికి వెతికింది. లేదు.
పేజీ తిప్పింది. అక్కడ అభ్యాసం మొదలైపోయింది,
ఖాళీలు పూరింపుము.
"రాయలేదమ్మా," అంది, తప్పు పుస్తకానిదైనట్టు.

"అమ్ముకునుంటాడు," అంది ఒకామె.
"పెళ్ళాం పోయుంటది. రెండోది ఆమెదే."
"చాల్లే, మా ఆయన్లాగా రైల్లో మర్చిపోయుంటాడు."
పైటల చాటున నవ్వులు, నవ్వుల వెనకే దగ్గులు.
ఎవరి బతుకులోంచి వాళ్ళు ఇంత తెచ్చి
ఆ ఖాళీలో పెట్టి చూస్తున్నారు, సరిపోతుందా అని.
అక్షరం రాని పాతికమంది
చదువుతున్నారు.

అప్పుడు చూశాను,
కెజియా వేలు వెనక్కి నడిచింది.
మూడేళ్ళలో నా ముందు ఒక్కసారీ వెనక్కి నడవని వేలు
పేరా దాటి, బొమ్మ దాటి, మొదటి వాక్యం దాకా పోయి
ఒక మాట మీద ఆగింది,
ముల్లు గుచ్చుకున్నట్టు.

"అమ్మా. రెండోది చిన్న గొడుగంట."

చేతులు ఆగాయి.
పనెందుకాగిందా అని
కాటా దగ్గర గుమాస్తా తలెత్తి చూశాడు.
"చిన్నదా," అంది రూతమ్మ.
ఎవరూ ఇంకేం అనలేదు.
ఘాటుకో, మరి దేనికో
కెజియా కళ్ళు నలుపుకోబోతే
"ముట్టకు, మండుద్ది" అని కసిరి
మోచేత్తో దగ్గరికి లాక్కుని
పైట కొసతో తనే ఒత్తింది.

వేలిముద్ర సంగతి ఎత్తకుండానే వచ్చేశాను.

సోమవారం మళ్ళీ స్టాప్‌వాచీ. కొత్త పాఠం.
ఒకచోట ఆగింది. ఒకచోట వెనక్కెళ్ళింది.
ఒకచోట చదవడం మానేసి
కిటికీలోంచి ఎటో చూసింది,
నా చేతిలో ముల్లు తిరుగుతూనే ఉంది.
యాభై ఎనిమిది పదాలు.
రూలు ప్రకారం ఎర్ర చుక్క.
పెట్టాను. పై ఆఫీసుకి చుక్కలే చేరతాయి.
పక్కన 'కారణం' అని చిన్న గడి ఉంది,
పెన్ను దాని మీద కాసేపు పెట్టి, తీసేశాను.

చార్టు గోడకి తగిలిస్తుంటే
వెనక నించుని చాలాసేపు చూసింది.
ఎర్ర చుక్క గురించి అడుగుతుందనుకున్నాను.

"టీచర్," అంది,
"ఇక్కడెందుకు ఏం రాయలేదు?"